తాళంచెవులు ఎవరి చేతిలో?

స్త్రీల సంఘాలు తమ కరపత్రాలనూ, నిజనిర్ధారణ నివేదికలనూ, చట్టాల వివరాలనూ సొంత వెబ్‌సైట్లలో పెట్టుకోవడం ఇప్పుడు కొత్త సంగతి కాదు. చాలా సంఘాలు అందుకు వర్డ్‌ప్రెస్ వంటి సాఫ్ట్‌వేర్‌ను వాడుతున్నాయి. కానీ దాన్ని మన అవసరాలకు తగినట్టు మలచుకునే పని దగ్గరికి వచ్చేసరికి ‘అదంతా టెక్నికల్ వ్యవహారం, ఆ అబ్బాయి చూసుకుంటాడులే’ అని వదిలేయడం పరిపాటి అయింది. ఎవరు రాసింది అచ్చవుతుంది, ఎవరి అనుమతితో అవుతుంది, బాధితురాలి వివరాలు ఎక్కడ నిలవ వుంటాయి అన్నవన్నీ ఆ అమరికలోనే తేలిపోతాయి. ఇవి రాజకీయ నిర్ణయాలు. సంఘం కూర్చుని తీసుకోవాల్సిన నిర్ణయాలు.

పత్రిక ఎవరి చేతిలో వుంది అన్న ప్రశ్న మనకు పాతదే. 1883లో వీరేశలింగం స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ తెచ్చారు. స్త్రీలేం చదవాలో నిర్ణయించింది మాత్రం పురుషుడే. 1902లో మొదలైన ‘హిందూ సుందరి’లో స్త్రీలు విరివిగా రాశారు, కానీ దాని స్థాపకుడూ పురుషుడే. 1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చేనాటికి, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని స్త్రీలే సేకరించి, స్త్రీలే కూర్చగలిగారు. రాయడం నుంచి కూర్చడం దాకా రావడానికి అంత కాలం పట్టింది. ఇప్పుడు మళ్లీ రాతకే పరిమితమై, కూర్పును ఇతరులకు అప్పగించడం వెనకడుగే అవుతుంది.

సాధనంగా చూస్తే వర్డ్‌ప్రెస్ మనకు అనుకూలమైనదే. 2003లో మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అంతకు ముందున్న ఒక సాఫ్ట్‌వేర్‌ను ఆధారం చేసుకుని దీన్ని మొదలుపెట్టారు. జీపీఎల్ లైసెన్సు కింద వస్తుంది కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు, లోపలి కోడ్ చదవచ్చు, మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పదిమందికీ పంచవచ్చు. 2020 డిసెంబరులో వచ్చిన 5.6 వెర్షన్‌ను విడుదల చేసిన బృందమంతా స్త్రీలూ, నాన్‌బైనరీ వ్యక్తులే. ఈ పని ఆడవాళ్లకు రాదనే మాట ఇక చెల్లదు. అయితే లైసెన్సు ఇచ్చే స్వేచ్ఛ కాగితం మీది స్వేచ్ఛ. కూతురికి ఆస్తిలో సమాన వాటా చట్టం ఇచ్చినా, పట్టాలో పేరు ఎక్కడానికి ఎంత పోరాడాలో మనకు తెలుసు.

వెబ్‌సైట్‌కు పట్టా వంటిది డొమైన్ పేరు. గడువులోగా రుసుము కట్టకపోతే అది పరాయి చేతుల్లోకి పోతుంది. నేను పరిశోధన కోసం తిరిగిన కొన్ని సంఘాల్లో ఆ పేరు సైటు చేసిపెట్టిన వ్యక్తి పేరున, అతని సొంత ఈమెయిల్‌తో నమోదై వుంది. ఒకచోట ఆ వ్యక్తి ఉద్యోగం మారి వెళ్లిపోయాడు. గడువు నోటీసులు అతనికే వెళ్లాయి. ఏళ్ల తరబడి పోగుచేసిన నివేదికల చిరునామా చేజారింది. అతనికి దురుద్దేశమేమీ లేదు. పట్టా సంఘం పేరున లేదు, అంతే.

తరువాతి ప్రశ్న అధికారాలది. వర్డ్‌ప్రెస్‌లో మొదట వుండే పాత్రలు ఐదు: అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్. కంట్రిబ్యూటర్ రాయవచ్చు, ప్రచురించలేదు. ఫోటో కూడా ఎక్కించలేదు. మండలాల్లో పనిచేసే కార్యకర్తలను ఈ పాత్రలో పెట్టి, నగరంలో చదువుకున్న మనం ఎడిటర్లుగా కూర్చుంటే, కులమూ చదువూ చేసిన విభజనను సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించినట్టే. అలాగని అందరికీ అడ్మినిస్ట్రేటర్ హోదా ఇవ్వడం సమానత్వమూ కాదు, క్షేమమూ కాదు. ఒక్క పాస్‌వర్డు బయటపడితే సైటంతా పోతుంది. ఆ హోదా సంఘం ఎన్నుకున్న ఇద్దరు స్త్రీలకు వుండాలి. ప్రచురణ హక్కు మాత్రం విస్తరించాలి. ఏ పాత్రకు ఏ హక్కులో మార్చుకునే వీలు సాఫ్ట్‌వేర్‌లోనే వుంది.

శీర్షికల వర్గీకరణ కూడా ఇటువంటిదే. ‘కుటుంబ సమస్యలు’ అనే అరలో పడేస్తే భర్త కొట్టడం నేరంగా కనిపించదు. 2005 చట్టం దానికి గృహహింస అని పేరు పెట్టింది. మన మెనూలోనూ ఆ పేరే వుండాలి.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది గోప్యత విషయంలో. లైంగిక దాడికి గురైన స్త్రీ పేరే కాదు, ఆమె ఎవరో తెలియజేసే ఏ వివరాన్ని ప్రచురించినా భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష వుంది. 2024 జూలై 1కి ముందు ఇదే ఐపీసీ 228-ఎ. కొన్ని మినహాయింపులున్నా, వాటిని అనుమతిగా భావించకూడదు. ఇక్కడ సాఫ్ట్‌వేర్ పనితీరు తెలియకపోతే ప్రమాదం. వ్యాసంలోంచి పేరు తీసేసినా పాత ప్రతి రివిజన్లలో భద్రంగా వుంటుంది. వ్యాసం తొలగించినా దానితో ఎక్కించిన ఫోటో సర్వర్లో అలాగే మిగులుతుంది. ఫోన్‌తో తీసిన ఫోటోలో ఆ ఇల్లు ఎక్కడుందో తెలిపే అక్షాంశ రేఖాంశాలూ దాగి వుండవచ్చు. అందుకే పేరు మార్చడం, ఫోటోలోని వివరాలు చెరపడం ఎక్కించకముందే జరగాలి. కేసు ఫైళ్లకు వెబ్‌సైట్ అసలు చోటే కాదు.

భాష సంగతి. పాత డీటీపీ ఫాంట్లలో కూర్చిన సంచికలను యూనికోడ్‌లోకి మార్చకుండా అతికిస్తే తెర మీద అర్థంలేని గుర్తులు వస్తాయి. ఇంగ్లీషు కోసం కొలిచిన వరుసల ఎడంలో మన ఒత్తులు ఒకదానిమీదొకటి ఎక్కుతాయి. ఈ మార్పులు చైల్డ్ థీమ్‌లో చేయించాలి. అసలు థీమ్ ఫైళ్లలో చేస్తే తరువాతి అప్‌డేట్‌తో కొట్టుకుపోతాయి.

వీటన్నిటికీ డబ్బూ సమయమూ కావాలి. నిధులిచ్చేవారు సైటు ప్రారంభోత్సవానికి ఇస్తారు, ఏటేటా నిర్వహణకు ఇవ్వరు. ఇల్లు కట్టడం కనిపించే పని, ఇల్లు ఊడ్చడం కనిపించని పని అన్న చూపే ఇది. ఆ కనిపించని చాకిరీ ప్రతి బడ్జెట్లోనూ ఒక పద్దుగా కనిపించాలని మనం పట్టుబట్టాలి.

రాబోయే సర్వసభ్య సమావేశంలో ప్రతి సంఘమూ నాలుగు ప్రశ్నలు వేసుకోవాలని కోరుతున్నాను. డొమైన్ ఎవరి పేరున వుంది? అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు ఎవరి దగ్గర వుంది? ఫోటోలతో సహా పూర్తి నకలు సంఘం దగ్గర వుందా? ఊళ్లో వుండే కార్యకర్త తన రాత తానే ప్రచురించగలదా? ఈ జవాబులు మినిట్స్ పుస్తకంలోకి ఎక్కాలి.