పరదేశమున ముదిమియిల్లు

అద్దె యిచ్చుట బూడిదలోఁ బోసిన పన్నీరనియు, కొన్న యిల్లే యిల్లనియు వాదించువారు థాయిలాండునకుఁ బోయి చూడవలెను. ఉద్యోగము విరమించిన బ్రిటిషువా రనేకులు చియాంగ్ మై, హువా హిన్ పట్టణములలోఁ గాపురము పెట్టుచున్నారు. 50 ఏండ్లు నిండి, బ్యాంకులో 8 లక్షల భాట్లుగాని నెలకు 65 వేల భాట్ల రాబడిగాని చూపినవారికి నివాసానుమతి దొరకును. దానిని ఏఁటేఁట క్రొత్తగఁ బొందవలెను. అనుమతి యొక యేఁటికి, ఇల్లు జన్మమునకు!

ఆ దేశమున విదేశీయుఁడు సాధారణముగ భూమికి యజమాని కాలేఁడు. మేడలలో వాటాను మాత్రము కొనవచ్చును. అదియు విదేశీయుల వాటాలన్నియుఁ గలసి మేడలో నూటికి 49 పాళ్లు మించరాదు. కావున దళారులు స్థలమును పెఱవారి పేర వ్రాయించి, "ఇది మీదే" యందురు. ఆ పేరుగలవాఁ డెదురు తిరిగిననాఁడు, చట్టమును వంచించితిమని న్యాయస్థానమునఁ జెప్పుకొందురా?

30 ఏండ్ల కౌలు మఱియొక యెర. కౌలుదారుఁడు మరణించిన నా హక్కు సాధారణముగ నతనితోనే పోవును. పత్రమున భార్య పేరు లేనిచో, భాష రాని యా ముదుసలి గతి యేమి? బేరమాడునపు డామె నడిగినవా రెందఱు?

అద్దెకున్నవారికిఁ గష్టములు లేవనను. అద్దె పెరుగును, అచట నివసించువారికి బ్రిటిషు ప్రభుత్వపు పింఛను ఏఁటేఁట పెరుగదు. అయినను, ఫిబ్రవరి మొదలు ఏప్రిలు వఱకుఁ బొలములు, అడవులు కాలి చియాంగ్ మైని పొగ గప్పునపుడు, అద్దెవాఁడు తాళపుఁజెవి యిచ్చివేసి వేఱొక యూరు చేరఁగలఁడు. కొన్నవాఁడు కిటికీలు మూసికొని దగ్గుచుండును.

అచటికిఁ బోఁదలఁచిన దంపతులు ముందొక సంవత్సరము, పొగనెలలతోఁ గూడ, అద్దెకుండి చూతురుగాక. అప్పటికిని గొనవలెనన్న, మేడలో వాటానే, ఇరువురి పేరఁ గొనవలెను.