మాత్ర ఒక్కటే చాలదు, పరీక్షా కావాలి

మీ ఇంట్లో ఎవరైనా గుండె కవాటం మార్పించుకుని వార్ఫరిన్, ఎసిట్రోమ్ వాడుతున్నారా? చివరి ఐఎన్‌ఆర్ పరీక్ష ఎప్పుడు చేయించారో చీటీ తీసి చూడండి. చాలామందికి అది 2–3 మధ్య ఉండాలి, కొన్ని కవాటాలకు కాస్త ఎక్కువ. తగ్గితే రక్తం గడ్డకట్టే ముప్పు, పెరిగితే రక్తస్రావం. మోకాళ్ల నొప్పికని డాక్టర్‌ను అడగకుండా వేసుకునే బిళ్ల కూడా ప్రమాదమే. చిగుళ్ల నుంచి ఆగని రక్తం, నల్లటి విరేచనం, తలకు దెబ్బ... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. భయపడి మాత్ర మీ అంతట మీరే మానేయొద్దు.

మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. వాటి ఆసుపత్రుల్లో వారానికో రోజు ఐఎన్‌ఆర్ క్లినిక్ తప్పక నడపాలి. పొద్దున రక్తమిస్తే సాయంత్రానికి మోతాదు చీటీ చేతికందాలి. ఆపరేషన్ నిలబెట్టిన ప్రాణం పరీక్ష అందక పోకూడదు.