వెసూవియస్ దాకా వెళ్లాం, పెనుకొండలో దిగలేదు

పొద్దున ఏడింటికి ఓడ నేపుల్స్ రేవులో ఆగింది. సాయంత్రం మళ్లీ బయల్దేరుతుంది. ఆలోపు ఒక అగ్నిపర్వతం, ఒక రోమన్ నగరం చూసేయాలి. మధ్యలో పిజ్జా తినాలి. అది మా మేనల్లుడి షరతు.

మొత్తం ఆరుగురం. అక్క, బావ, వాళ్ల పిల్లలిద్దరు, అమ్మ, నేను. అక్కవాళ్లు ఉండేది జర్మనీలో. అమ్మకి అరవై ఎనిమిదేళ్లు. పుట్టిల్లు ధర్మవరం, మెట్టినిల్లు హిందూపురం. ఆ రెండూళ్ల మధ్య రైల్లో తిరిగినంతగా ఇంకెక్కడా తిరగని మనిషి. ఆవిడ మధ్యధరా సముద్రంలో క్రూయిజ్‌కి వచ్చిందంటే, అక్క ఆర్నెల్లు బతిమాలింది, నేను వీసా ఫైలు పట్టుకుని నెల రోజులు తిరిగాను.

క్రూయిజ్ ప్లాన్ చేసేవాళ్లకి ఇక్కడో మాట. ఓడవాళ్లే నడిపే ఎక్స్‌కర్షన్ బస్సుకి డబ్బు బాగా ఎక్కువ. సొంతంగా లోకల్ రైలెక్కితే చాలా తక్కువలో పాంపే చేరిపోవచ్చు. కాకపోతే వాళ్ల బస్సు లేటయితే ఓడ ఆగుతుంది, మనం లేటయితే ఆగదు. బావ రెండుసార్లు లెక్కలేసి, అమ్మ మోకాళ్ల వైపు ఒకసారి చూసి, బస్సుకే కట్టేశాడు. ఇంకోటి: వెసూవియస్ టికెట్టు ముందే ఆన్‌లైన్లో టైముతో సహా బుక్ చేసుకోవాలి. పైకెళ్లాక కౌంటర్ ఉంటుందిలే అనుకుంటే కుదరదు. పాంపేలో కూడా రోజుకి 20,000 మందినే లోపలికి పంపుతున్నారు. టికెట్టు మీద పేరు కూడా ఉంటుంది.

వెసూవియస్ ఎత్తు 1,281 మీటర్లు. సుమారు వెయ్యి మీటర్ల దాకా బస్సు పోతుంది. అక్కణ్ణుంచి కాళ్ల కింద జారే నల్లటి కంకర దారి, అరగంట నడక. "మీరు పోయి రండి, నేను ఈడ కూర్చుంటా" అంది అమ్మ. మేం ఎక్కాం. పైన పేద్ద గిన్నెలాంటి గుంత. ఓ పక్క రాళ్ల సందుల్లోంచి సన్నగా ఆవిరి. చివరిసారి ఇది పేలింది 1944లో, యుద్ధం జరుగుతుండగా. "నిప్పులేవీ?" అన్నాడు మేనల్లుడు. వీడియో గేముల్లో చూసే లావా లేదని వాడికి నిరాశ. నాకు మాత్రం గుంత కంటే కింది ఊళ్లు భయం పుట్టించాయి. కొండ చుట్టూ సముద్రం దాకా ఇళ్లే. లక్షల మంది దీని పక్కనే బట్టలు ఆరేసుకుని బతికేస్తున్నారు.

క్రీ.శ. 79లో పాంపే వాళ్లు కూడా అలాగే బతికారు. ఇది అగ్నిపర్వతమన్న సంగతే అప్పట్లో జనానికి తెలీదట. పదిహేడేళ్ల ముందు పెద్ద భూకంపం వచ్చి ఇళ్లు కూలితే, వాటిని బాగుచేసుకుంటూనే ఉన్నారు. ఇంతలో కొండ పేలింది. రెండు రోజుల్లో ఊరు బూడిద కింద పూడిపోయింది.

పాంపేలో మాకిచ్చింది రెండున్నర గంటలు. మా గ్రూపు నంబరు 14. అందరి చొక్కాలకీ స్టిక్కర్లు. గైడ్ జెండా పట్టుకుని పరుగు, వెనక మేము. ఆ రాళ్ల వీధుల్లో అమ్మ నడవలేదేమోనని అందరం భయపడ్డాం. ఆవిడే అందరికంటే ఎక్కువ చూసింది. రాళ్ల మీద బండి చక్రాల గాడి చూసి, "మా ఊర్లో ఎద్దులబండ్ల బాట ఇట్లనే అరిగింటాండె" అంది. రొట్టెల దుకాణంలో లావా రాతి తిరగళ్లున్నాయి, మనిషి నడుమెత్తు. వాటి చుట్టూ గాడిదల్ని తిప్పేవాళ్లట. ఆ పక్కనే పొయ్యి. ఇలాంటి రొట్టెల దుకాణాలు ఈ ఒక్క ఊళ్లోనే ముప్పైకి పైగా దొరికాయి.

అమ్మ ఎక్కువసేపు ఆగింది మాత్రం స్టెఫానస్ ఫుల్లోనికా దగ్గర. పేరు చూసి బెదిరిపోకండి, బట్టలుతికి శుభ్రం చేసే దుకాణం. ఉన్ని బట్టల్ని తొట్లలో వేసి కాళ్లతో తొక్కేవాళ్లు. మురికి పోవడానికి వాళ్లు వాడింది మూత్రం. గైడ్ ఆ మాట చెప్పగానే పిల్లలిద్దరూ "ఛీ" అని ముక్కు మూసుకున్నారు. అమ్మ నవ్వింది. ఆవిడ మగ్గాలింట్లో పుట్టింది. పట్టునూలు సోడా నీళ్లలో ఉడికించి జిగురు తీయకపోతే రంగు పట్టదని చిన్నప్పట్నుంచీ తెలుసు. "ఆ వాసన కూడా ఏం తక్కువ ఉండదులే" అని పిల్లలకి చెప్పింది. ధర్మవరం పట్టుచీర గురించి నా మేనకోడలు వేసిన మొట్టమొదటి ప్రశ్న అక్కడే, పాంపే వీధిలో.

బయటికి వస్తూ అమ్మ అంది: "మన పెనుకొండ కూడా ఇట్లనే ఉంటాదంట కదరా?"

"ఉంటుందంట ఏంటవ్వా, నువ్వు చూళ్లేదా?" అంది మేనకోడలు.

"చూసినా. రైల్లోంచి."

పెళ్లయి నలభై ఆరేళ్లు. పండగలకి, కాన్పులకి, చావులకి హిందూపురం నుంచి ధర్మవరానికి ఎన్నిసార్లు వెళ్లుంటుందో లెక్కలేదు. ప్రతిసారీ మధ్యలో పెనుకొండ స్టేషన్. కిటికీలోంచి కొండ, దాని మీద కోటగోడ. ఒక్కసారీ దిగలేదు. నా సంగతీ అంతే. బెంగళూరు నుంచి ధర్మవరం వెళ్లినప్పుడల్లా 44వ నంబరు హైవే మీద ఆ కొండ పక్కనుంచే పోతుంటాను. టీకి ఆగాను, పెట్రోలుకి ఆగాను. కోట కోసం ఎప్పుడూ ఆగలేదు. ఆ వైపు వాళ్లు ఇది చదువుతుంటే నిజం చెప్పండి, మీరు ఆగారా?

ఆ రాత్రి ఓడలో నిద్రపట్టక ఫోన్‌లో పాంపే గురించి చదువుతుంటే ప్లినీ అనే పెద్దాయన తగిలాడు. రోమన్ నౌకాదళానికి అధికారి. వెసూవియస్ పేలినప్పుడు జనాన్ని కాపాడదామని ఓడలు తీసుకుని వెళ్లి అక్కడే చచ్చిపోయాడు. ఆయన అంతకుముందు రాసిన ప్రకృతి చరిత్ర గ్రంథంలో ఆంధ్రుల గురించి ఉంది. గోడలున్న పట్టణాలు 30, కాల్బలం లక్ష, గుర్రాలు రెండువేలు, ఏనుగులు వెయ్యి అని. ఏటా ఐదుకోట్ల సెస్టర్సుల రోమన్ సొమ్ము ఇండియాకి పోతోందని ఏడ్చింది కూడా ఆయనే. అంతేనా, 1938లో పాంపేలోనే ఒక ఇంట్లో దంతపు బొమ్మ దొరికింది. మన దేశంలో చెక్కింది. లక్ష్మి అంటారు, యక్షి అని కూడా అంటారు. అది నేపుల్స్ మ్యూజియంలోనే ఉంది, మా ఓడ ఆగిన ఊళ్లోనే. మేం ఆ టైములో పిజ్జా తింటున్నాం.

క్రిస్మస్ సెలవులకి అక్కవాళ్లు హిందూపురం వచ్చారు. ఈసారి ప్లాన్ అంతా మేనకోడలిదే. అందరికీ 14 అని రాసి స్టిక్కర్లు అంటించింది. "పొద్దున ప్యాసింజర్లో పెనుకొండ. సాయంత్రం ధర్మవరం రైలు మన ఓడ. అది మనకోసం ఆగదు, గుర్తుపెట్టుకోండి" అని హెచ్చరిక. పిజ్జాకి బదులు చిత్రాన్నం, చెనిక్కాయల చట్నీ.

స్టేషన్ నుంచి ఆటోలో గగన్ మహల్ దగ్గర దిగాం. కిందంతా సుల్తానుల కట్టడాల్లో లాంటి కమానులు. పైన బురుజు మాత్రం గుడి శిఖరంలా మెట్లు మెట్లుగా లేస్తుంది. హంపీలో చూసిన లోటస్ మహల్ గుర్తొస్తుంది. క్యూ లేదు, జెండా పట్టుకున్న గైడూ లేడు. అందుకని గైడ్ ఉద్యోగం నాకిచ్చారు. రాత్రంతా చదువుకున్నది అప్పజెప్పాను.

పెనుకొండ మొదట విజయనగర రాజుల వేసవి విడిది. 1565లో తళ్లికోట యుద్ధంలో అళియ రామరాయలు చనిపోయాక, ఆయన తమ్ముడు తిరుమలరాయలు హంపీ ఖజానాని ఏనుగులకెత్తించుకుని ఇక్కడికే వచ్చాడు. హంపీ తగలబడుతుంటే ఈ ఊరు రాజధాని అయింది. రామరాజభూషణుడు వసుచరిత్ర అంకితమిచ్చింది ఈ తిరుమలరాయలకే. 1589లో గోల్కొండ సైన్యం వచ్చి ముట్టడించినా కోట లొంగలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకి రాజధాని చంద్రగిరికి మారింది. రాజులు వెళ్లిపోయారు, ఊరు మాత్రం వెళ్లలేదు.

నాకు తేడా అక్కడే తెలిసింది. పాంపేలో సాయంత్రం గేటు మూసేస్తే మనిషుండడు. ఇక్కడ కోటగోడ లోపల బడి ఉంది, బ్యాంకు ఉంది, బజ్జీల బండి ఉంది. పార్శ్వనాథుడి జైన గుడి, షేర్ ఖాన్ మసీదు, పక్కపక్కనే రాముడికీ శివుడికీ గుళ్లు, బాబయ్య దర్గా, అన్నిట్లోకీ ఇప్పటికీ జనం వస్తూ పోతూనే ఉన్నారు. కోట ఉత్తర వాకిలిని ఎర్రమంచి గేటు అంటారు, అక్కడ పెద్ద ఆంజనేయుడు. ఎర్రమంచి అనగానే మేనల్లుడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. కియా కార్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు కదా! వాడికి పెనుకొండ మీద గౌరవం ఆ క్షణం నుంచీ మొదలైంది. ఏదో ఒక దారిన వచ్చింది, చాలు.

"ఈ కొండ కూడా వాల్కేనోనా మామా?" అని అడిగాడు. కాదు. కానీ ఇదీ ఒకప్పుడు కరిగిన రాయే. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపలే చల్లారి గట్టిపడిన గ్రానైటు. పైనున్నదంతా కోసుకుపోయి ఇప్పుడు బయటపడింది. నిజంగా పేలినవి కావాలంటే అనంతపురం జిల్లాలోనే వజ్రకరూరు ఉంది. అక్కడ 110 కోట్ల ఏళ్ల కిందట లోతుల్లోంచి తన్నుకొచ్చిన రాతి గొట్టాలున్నాయి. కింబర్లైట్ అంటారు. వజ్రాలు మోసుకొచ్చినవి అవే. వానలు పడగానే జనం పొలాల్లో తలొంచుకుని వెతికేది వాటికోసమే. వాడు వెంటనే "రేపు అక్కడికెళ్దాం" అన్నాడు.

కొండ మీద నరసింహస్వామి గుడి ఉంది. మెట్ల దగ్గర అమ్మ ఆగింది. తల పైకెత్తి చాలాసేపు చూసింది.

"పదేండ్ల ముందు పిల్చుకొచ్చింటే ఎక్కేదాన్ని నాయనా."

నేనేం మాట్లాడలేదు. పదేళ్ల కిందట నాకు కారుంది, ఆదివారాలున్నాయి, హైవే కూడా ఉంది. వెసూవియస్ దగ్గర ఆవిడ కింద కూర్చుండిపోతే మాకెవరికీ ఏమీ అనిపించలేదు. ఇక్కడ పిల్లలు, బావ ఎక్కారు. అక్కా నేనూ అమ్మ పక్కనే బండ మీద కూర్చున్నాం. అమ్మ చిత్రాన్నం డబ్బా తీసి, తిమ్మరుసుని కళ్లు పీకించి ఈ ఊళ్లోనే బంధించారని వాళ్ల నాయన చెప్పిన కథ మొదలుపెట్టింది. అది చరిత్రలో ఎంత, జనం నోట్లో ఎంత అని నేను సందేహం తీయబోతే, అక్క నా తొడ మీద గిల్లింది. ఊరుకున్నాను.

రైలు అందుకున్నాం, రెండు నిమిషాల్లో తప్పిపోయేది. ధర్మవరంలో మా చిన్నమామ స్టేషన్‌కి వచ్చాడు. అమ్మ ప్లాట్‌ఫాం మీద కాలు పెట్టీ పెట్టకముందే చెప్పింది.

"నేను పెనుకొండలో దిగినానురా!"

మామ కంగారుపడి సంచీ అందుకున్నాడు. "ఏమైందక్కా? రైలు చెడిపోయిందా?"