ఏకాంతం బరువు ఎవరి వీపు మీద?

మన ట్రెక్కింగ్ వ్యాసాల్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది: ఆ కొండల్లో నేనొక్కణ్ణే, అక్కడే నన్ను నేను కలుసుకున్నాను. ఇది అబద్ధం. నేనూ రాశాను కాబట్టి తెలుసు.

మూడేళ్ళ కిందట నేపాల్‌లో అన్నపూర్ణ సర్క్యూట్ నడిచాను. మర్స్యాంగ్డీ లోయ వెంట మనాంగ్ దాకా ఎక్కి, 5,416 మీటర్ల ఎత్తున్న థొరాంగ్ లా కనుమ దాటి, అవతల ముక్తినాథ్‌లో దిగే దారి అది. తిరిగొచ్చి పెద్ద వ్యాసం రాశాను. మౌనం, మంచు, శూన్యం అన్నీ వచ్చాయి అందులో. నా బ్యాగు మోసిన పోర్టర్ మాత్రం రాలేదు. ఒక్క వాక్యంలో కూడా. చదివి అమ్మ అడిగింది: "అంత బ్యాగు నువ్వే మోశావా నాన్నా?"

ఇది నా ఒక్కడి మతిమరుపైతే ఈ గొడవ అక్కర్లేదు. మనకి హిమాలయం ఖాళీగా కావాలి. కానీ ఆ దారులు ఎప్పుడూ ఖాళీగా లేవు. కనుమ అవతలి కాళీగండకీ లోయ గుండా తరతరాలుగా టిబెట్ ఉప్పు కిందికి దిగింది, ధాన్యం పైకెళ్ళింది. మన పూజగదుల్లో ఉండే సాలగ్రామాలు ఆ నదివే. ముక్తినాథ్ వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటి. మనాంగ్ వైపు విదేశీ ట్రెక్కర్లని రానిచ్చిందే 1977లో. అంటే మనం నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళం. అయినా లోయలోకి జీపు రోడ్డు పడితే "దారి పాడైపోయింది" అని ఏడుస్తాం. మన ఊరికి బస్సు కావాలని అర్జీలు పెట్టుకున్నవాళ్ళ మనవలం!

"సాహిత్యానికి అనుభూతి ముఖ్యం, కూలీల లెక్కలు కాదు" అంటాడు ఒక మిత్రుడు. సరే, అనుభూతి గురించే మాట్లాడదాం. కనుమ మీద మనకి అందే ఆక్సిజన్ సముద్రమట్టం దగ్గర అందేదాంట్లో దాదాపు సగం. అక్కడ నా వీపు మీద ఇరవై కిలోలుంటే నాకు శిఖరం కనపడదు, కాలి ముందు రాయి కనపడుతుంది. నేను తలెత్తి చూడగలిగానంటే ఆయన తల వంచుకుని నడిచాడు కాబట్టి. ఆయన్ని తీసేస్తే పోయేది మర్యాద ఒక్కటే కాదు, అనుభూతిలోని నిజం కూడా.

1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య పల్లకీలో వెళ్ళాడు. తన యాత్రాచరిత్రలో ఆ పల్లకీనీ దాచలేదు, మోసిన బోయీలనీ దాచలేదు. దాదాపు రెండు వందల ఏళ్ళ తర్వాత, సమానత్వం గురించి పోస్టులు పెట్టే మనం దాస్తున్నాం.

2014 అక్టోబరులో ఇదే కనుమ చుట్టుపక్కల మంచు తుపాను 40 మందికి పైగా ప్రాణాలు తీసింది. పోయినవాళ్ళలో నేపాలీలూ ఉన్నారు. అక్కడ ఏకాంతం అమ్ముకుని బతికేవాళ్ళకి ఉన్న రిస్కు అది.

మొన్న ఆ వ్యాసం తిరగరాద్దామని కూర్చున్నాను. మొదటి పేరా దగ్గరే ఆగిపోయాను. ఆయనది ఏ ఊరో తెలీదు. రోజుకి ఎన్ని కిలోలు మోశాడో, ఏజెన్సీకి నేను కట్టిన డబ్బులో ఆయన చేతికి ఎంత వెళ్ళిందో తెలీదు. పన్నెండు రోజులు కలిసి నడిచాం. అడగలేదు.

మీరు వెళ్తే ముందు అవి అడగండి. శిఖరం గురించి తర్వాత రాయొచ్చు.