పాత కారునకు క్రొత్త పంపు: కొనుటకు ముందు కొలువవలెను



విత్తనము చల్లుటకు ముందు గుప్పెడు గింజలను తడిగుడ్డలో మూటగట్టి మొలక చూచుకొనుట మన రైతులకు క్రొత్త కాదు. విత్తనముపట్ల ఇంత జాగ్రత్త చూపువారే, పాత కారు త్రోవలో ఆగినంతనే విజయవాడ ఆటోనగరునకు పోయి, పరీక్ష యన్నది లేకుండ పెట్రోలు పంపును కొని బిగించుకొని వచ్చుచున్నారు. ఇది మంచి పద్ధతి కాదని మా అభిప్రాయము. పంపును కొనుటకు ముందు కొలువవలెను. కొలిచిన పిమ్మట ఇంజనునకు తగినదానిని కొనవలెను గాని, బలమైనదని కొనరాదు.

ఆటోనగరున నేర్పరులగు మేస్త్రీలకు కొదువ లేదు. అయినను కాలము మారినది. అంబాసిడరు, మారుతి 800 కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. పద్మిని కారు అంతకు మునుపే నిలిచినది. కావున వీనికి నేడు దొరకు పంపులలో పాత నిలువ సరకు, పేరులేని డూప్లికేటు, విప్పిన బండ్లనుండి తీసినది, ఇట్లు పలు రకములు కలిసియుండును. పైకి అన్నియు ఒకే రూపున నుండును. మంచిచెడ్డలు ఎంచుకొను భారము కొనువానిదే యైనది.

పంపు పనిచేయు తీరు కొంచెము తెలిసికొందము. కార్బురేటరు గల పాత కార్లలో పంపు ఇంజనునకే బిగింపబడి యుండును. ఇంజనులోని కామ్‌షాఫ్టు తిరుగునప్పుడు పంపు మీట కదలి, లోపలి రబ్బరు పొరను లాగును. ఆ లాగుడుకు ట్యాంకులోని పెట్రోలు పంపులోనికి వచ్చును. పిమ్మట స్ప్రింగు ఆ పొరను నెట్టగా పెట్రోలు కార్బురేటరునకు చేరును. అచటి తొట్టి నిండగనే ఫ్లోటు పైకి లేచి, సూదివంటి వాల్వుతో ద్వారమును మూయును.

కారు ఆగినంతమాత్రమున నేరము పంపుదే యని తలంపరాదు. ట్యాంకు మూతలోని గాలి రంధ్రము మూసికొనిపోయినను, ఫిల్టరు నిండినను, పాత రబ్బరు గొట్టము పగిలి గాలి పీల్చినను పెట్రోలు రాదు. ఎండకాలమున మిట్టమధ్యాహ్నము ఆగి, పంపుపై తడిగుడ్డ వేసి చల్లార్చిన పిమ్మట కదలు బండియందు, గొట్టములోని పెట్రోలు వేడికి ఆవిరియైనదని యెఱుగవలెను. గొట్టమును వేడి భాగములకు దూరముగా త్రిప్పిన సరిపోవుచోట క్రొత్త పంపు ఏల?

పంపే చెడినదనుటకు గుర్తులు వేఱు. పంపు క్రింది చిన్న రంధ్రమునుండి పెట్రోలు కారుచున్నచో పొర చినిగినది. ఆయిలు కొలత పుల్ల పెట్రోలు వాసన కొట్టి, ఆయిలు మట్టము పెరిగియున్నచో, చినిగిన పొరగుండ పెట్రోలు ఇంజనులోనికి దిగుచున్నది. అట్టి బండిని నడుపరాదు. ఏ గుర్తును లేనప్పుడు మాపకమును గొట్టమునకు తగిలించి ఒత్తిడి చూడవలెను. కార్బురేటరు బండికి సాధారణముగా చదరపు అంగుళమునకు 2 మొదలు 4 పౌనుల ఒత్తిడి చాలును. ఇంత కలదేని పంపు మంచిదే. లోపము మఱియొకచోట వెదకవలెను.

ఇక బలమైన పంపు సంగతి. క్రొత్తరకపు ఇంజెక్షను కార్లలో విద్యుత్తు పంపు ట్యాంకులోనే యుండి, సుమారు 40 పౌనుల ఒత్తిడితో పెట్రోలును పంపును. కారు చక్రములోని గాలి కన్న ఇది యెక్కువ. పాత సామానులో చౌకగా దొరకెనని దీనిని కార్బురేటరు బండికి తగిలించువారు కలరు. పిల్లకాలువ తూముపైకి పెద్దకాలువ నీటిని వదలిన గట్టు నిలుచునా? ఆ ఒత్తిడికి సూది వాల్వు ఆగలేదు. పెట్రోలు పొంగి వేడి ఇంజనుపై పడును. ఇది నష్టముతో పోవునది కాదు, నిప్పుతో చెలగాటము. విద్యుత్తు పంపే కావలసివచ్చినచో కార్బురేటరునకు తగిన తక్కువ ఒత్తిడి రకమును ఎంచి, ట్యాంకు దగ్గఱ అమర్చి, ఫ్యూజు పెట్టి, ఇంజను ఆగినంతనే పంపును ఆగునట్లు స్విచ్చి కూర్పించుకొనవలెను.

మఱియొక మాట మన వ్యవసాయమునకే సంబంధించినది. చెఱకు, మొక్కజొన్న, నూకలనుండి తీసిన ఇథనాలును పెట్రోలులో కలుపుచున్నారు. 2022లో నూటికి 10 పాళ్లు చేరిన కలపకము 2025 నాటికి 20 పాళ్లైనది. మన పంటకు గిరాకి పెరుగుట సంతోషమే. అయితే పాత పంపులలోని రబ్బరు ఈ మిశ్రమమునకై చేసినది కాదు. అట్టి రబ్బరు ఉబ్బును, గట్టిపడును, పగులును. కావున పంపు గాని, రిపేరు కిట్టు గాని కొనునప్పుడు ఇథనాలునకు ఆగు రబ్బరేనా యని అడిగి, పెట్టెపై వ్రాత చూచి, బిల్లు తీసికొనవలెను. గొట్టములను గూడ అదే రకముతో మార్చవలెను. పంపు క్రొత్తదై గొట్టము పాతదైన ఫలమేమి?

బిగించునప్పుడు కొన్ని నియమములు తప్పరానివి. ఇంజను చల్లారవలెను, బ్యాటరీ తీగ విప్పవలెను, దరిదాపుల బీడీ, దీపము ఉండరాదు. లోపలికి వచ్చు గొట్టమేదో, బయటికి పోవునదేదో ముందే గుర్తు పెట్టుకొనవలెను. పంపు క్రింది ప్యాకింగు పాతదాని మందమే యుండవలెను. పలుచనైనచో మీట మితిమీఱి కదలి విఱుగవచ్చును. దళసరియైనచో పెట్రోలు చాలదు. మీటపై ఒత్తిడి తక్కువగానుండునట్లు ఇంజనును చేత త్రిప్పి, మీటను సరియైన చోట నిలిపి, రెండు నట్లను కొంచెము కొంచెముగా సమానముగ బిగింపవలెను. పిమ్మట ఇంజనును నడిపించి ప్రతి అతుకును చెమ్మకై పరికింపవలెను.

ఇంజెక్షను బండియైనచో గొట్టములో ఒత్తిడి నిలిచియుండును. దానిని తీసివేయనిదే గొట్టము విప్పరాదు. ట్యాంకులోని పెట్రోలే ఆ పంపును చల్లబఱచును. కావున అడుగంటువఱకు నడుపు అలవాటు మానవలెను.

ఒత్తిడి మాపకమును ప్రతి యింట కొనుట వ్యర్థమే. గ్రామమునకొకటి చాలును. సొసైటీవారు మందుచల్లు యంత్రములను కొని సభ్యులకు వంతులవారీగ నిచ్చినట్లే, ఒక మాపకమును కొని గుమాస్తా వద్ద నుంచుట కష్టమా? సభ్యుడు దానిని తీసికొనిపోయి, తన యెదుట మేస్త్రీచే కొలిపించి, వచ్చిన అంకెను కాగితముపై వ్రాసికొనవలెను. మంచి మేస్త్రీ ఇందుకు కోపింపడు, సంతోషించును. కొలుచుటకు అంగీకరింపనివాని వద్ద పంపు కొననక్కఱలేదు. ఈ మాపకము సంగతిని రాబోవు సభలో సభ్యులు ప్రస్తావింపవలెనని కోరుచున్నాము.