చెవులు మూసుకునే ముందు

నెల రోజులుగా క్లాసులో అందరూ నన్ను అడుగుతున్నది ఒక్కటే. "హెడ్‌ఫోన్ ఏది కొన్నావే? మేమూ కొనాలి, చెప్పు." కంపెనీ పేరు చెప్తే ఒక్క నిమిషంలో అయిపోతుంది. కానీ నేను కొన్నది మీకు సరిపోతుందని ఎలా చెప్పను? మీ ఇల్లు వేరు, మీ బస్సు వేరు, మీ చెవి వేరు. అందుకే ఈసారి గోడపత్రికలో నాకిచ్చిన జాగాలో దీని గురించే రాస్తున్నాను. నిలబడి చదువుతారు కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బయటి శబ్దాన్ని ఆపే హెడ్‌ఫోన్ మనలాంటి వాళ్ళకి విలాసమని నేననుకోను. అయితే కొనే ముందు ఏం వినకూడదనుకుంటున్నామో, ఏం వినక తప్పదో, రెండూ కాగితం మీద రాసుకోవాలి. నేను మొదటిది మాత్రమే రాసుకుని కొన్నాను. ఆ తప్పు సంగతి తర్వాత చెప్తాను.

మాది మనలి. సెలవులకు వెళ్ళే మంచు కొండల మనాలీ అనుకునేరు! ఉత్తర చెన్నైలో మనలి. 1960ల నుంచీ రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, వాటి చుట్టూ ఇంకా ఎన్నో కంపెనీలు, వాటి మధ్య మా ఇళ్ళు. కంటైనర్లు మోసే ట్రెయిలర్లు, ట్యాంకర్ లారీలు పగలూ రాత్రీ పోతూనే ఉంటాయి. లారీ పోయినప్పుడల్లా మా వంటింట్లో స్టాండు మీది గిన్నెలు సన్నగా మోగుతాయి. మాకున్నది ఒక హాలు, ఒక గది. హాల్లో అమ్మ తమిళ సీరియల్, షిఫ్టు నుంచి వచ్చి పడుకున్న నాన్న గురక, పైన ఫ్యాను, కిటికీ బయట రోడ్డు. వీటి మధ్య కూర్చుని నేను ఛందస్సు చదవాలి. గురువు, లఘువు లెక్కపెడుతుంటే మధ్యలో హారన్ వచ్చి అదీ ఒక గురువై కూర్చుంటుంది.

2000లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. పారిశ్రామిక ప్రాంతాల్లో పగలు 75, రాత్రి 70. చదవడానికి బాగానే ఉంది. మా వీధి చివర నిలబడి చూస్తే ఒక చేతివైపు ఇళ్ళు, ఇంకో చేతివైపు లారీల రోడ్డు. గీత ఎక్కడ గీస్తారు? గీసినా శబ్దం ఆ గీత దగ్గర ఆగుతుందా?

అందుకని ఎనిమిది నెలలు పిల్లలకి ట్యూషన్ చెప్పి దాచిన డబ్బుతో కొన్నాను. కొనే ముందు నేర్చుకున్నవి మీకూ పనికొస్తాయి.

ముందు అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. హెడ్‌ఫోన్‌లో ఉన్న చిన్న మైకు బయటి శబ్దాన్ని వింటుంది. లోపలి చిప్పు ఆ తరంగానికి సరిగ్గా ఎదురు తరంగాన్ని తయారుచేసి మన చెవిలోకి వదులుతుంది. తలుపుని ఇద్దరు రెండు వైపుల నుంచి ఒకే బలంతో తోస్తే కదలకుండా ఉంటుందే, అలా. ఆలోచన పాతదే. పాల్ లూగ్ అనే జర్మన్ శాస్త్రవేత్తకి దీని మీద 1936లో అమెరికా పేటెంట్ వచ్చింది. అమర్ బోస్ 1978లో విమానంలో వెళ్తూ, ఇంజిన్ మోతలో పాట సరిగ్గా వినపడక, ఆ ప్రయాణంలోనే లెక్కలు వేయడం మొదలుపెట్టాడట. ఆయన తండ్రి బెంగాల్ నుంచి అమెరికా వెళ్ళినవాడు. ఆయన కంపెనీ 1989లో పైలట్ల కోసం, 2000లో మామూలు జనం కోసం ఇలాంటి హెడ్‌ఫోన్లు తెచ్చింది. అంటే విమానం ఇంజిన్ కోసం పుట్టిన వస్తువు ఇప్పుడు మన బస్సు ఇంజిన్ దాకా వచ్చింది.

ఇందులోనే అసలు కిటుకు ఉంది. ఆగకుండా ఒకే తీరున వచ్చే లోతైన మోతని ఇది బాగా ఆపుతుంది. బస్సు ఇంజిన్, ఏసీ, ఫ్యాను, మెట్రో రైలు హోరు అలాంటివి. ఉన్నట్టుండి వచ్చే హారన్, కుక్కర్ విజిల్, పక్కింటి గొడవ, వీటిని అంతగా ఆపలేదు. వాటిని ఆపేది చెవికి అతుక్కునే మెత్తే. కాబట్టి "మొత్తం నిశ్శబ్దం" అని అట్టపెట్టె మీద రాస్తే నమ్మకండి. డెసిబెల్స్ అంకె పెద్దగా వేసినా, అది అన్ని శబ్దాలకీ వర్తించదు.

రెండోది, అక్షరాల మోసం. తక్కువ ధర పెట్టెల మీద "ఈఎన్‌సీ" అని ఉంటుంది. అది ఫోన్లో మాట్లాడేటప్పుడు అవతలివాళ్ళకి మన చుట్టూ గోల వినపడకుండా చేసేది. మన చెవికి దాంతో ఏ లాభమూ లేదు. మనకి కావలసింది "ఏఎన్‌సీ". మా ఫ్రెండ్ ఒకతి ఈ ఒక్క అక్షరం చూసుకోక డబ్బులు పోగొట్టుకుంది.

మూడోది, ఎవరూ చెప్పనిది. మనం ఆడపిల్లలం, జుంకీలు పెట్టుకుంటాం. చెవి మొత్తం కప్పే హెడ్‌ఫోన్ జుంకీని మెడకేసి నొక్కుతుంది. కళ్ళజోడు కాడ అడ్డం వస్తే మెత్త చెవికి ఆనదు, ఆ సందులోంచి శబ్దమంతా లోపలికొస్తుంది. నూనె రాసిన జడ, పైగా మన చెన్నై చెమట. మెత్త మీది రెక్సిన్ పొరలు పొరలుగా ఊడుతుంది, అందుకని మెత్తలు విడిగా దొరికే మోడలే చూసుకోండి. చెవిలో పెట్టుకునే బడ్స్ అయితే ఈ గొడవలు లేవు. కానీ వాటితో వచ్చే మూడు సైజుల రబ్బరు టోపీల్లో మీ చెవికి సరిగ్గా కూర్చునేది వెతుక్కోవాలి. సైజు తప్పితే ఎంత ఖరీదైనదీ దండగే. షాపులో పది నిమిషాలైనా పెట్టుకుని చూడండి. మొహమాటపడొద్దు.

నాలుగోది ప్రయాణం. సూళ్ళూరుపేట లోకల్లో మా నాన్నవాళ్ళ ఊరికి వెళ్తుంటాను. అలాంటి దూరానికి పెద్ద హెడ్‌ఫోన్ బ్యాటరీ ఎక్కువసేపు వస్తుంది. చార్జింగ్ అయిపోతే వైరు తగిలించి వినే వీలున్నవి మేలు. ఎల్‌డీఏసీ లాంటి పేర్లు చూసి ఎక్కువ డబ్బులు పెట్టే ముందు మీ ఫోన్లో అది ఉందా చూసుకోండి. రెండు వైపులా ఉంటేనే అది పలుకుతుంది, ఐఫోన్లో అయితే అది లేదు.

డబ్బు పెట్టడానికి సరైన కారణం ఆరోగ్యం అంటాను. బస్సులో మోత ఎక్కువైతే పాటని దాని మీదికి పెంచుతాం. పెద్దవాళ్ళు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకి మించి వినకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. ఇంకో 3 డెసిబెల్స్ పెరిగితే ఆ సమయం సగానికి పడిపోతుంది. బయటి మోత తగ్గితే పాట పెంచక్కర్లేదు. పాతిక వేల హెడ్‌ఫోన్ అయినా, అయిదు వేల లోపు నాదైనా, చేయాల్సిన అసలు పని ఇదే.

ఇక నా తప్పు.

మా ఇంట్లో అమ్మతో తమిళం, నాన్నతో రెండూ, అవ్వతో తెలుగు. అవ్వకి రెండు కళ్ళలోనూ శుక్లాలు. సాయంత్రమైతే మనిషి ఆకారం తప్ప ఏమీ కనపడదు. ఇంట్లో ఎవరున్నారో పిలిచి తెలుసుకుంటుంది. హెడ్‌ఫోన్ కొన్న రెండో వారం, బీరువా పక్క మూలలో కూర్చుని చదువుకుంటున్నాను. గంటన్నర తర్వాత తీస్తే, అవ్వ అమ్మతో తనకొచ్చిన అరకొర తమిళంలో చెప్తోంది, పాప ఇంకా కాలేజీ నుంచి రాలేదు, చీకటి పడిందని. నేను ఆరడుగుల దూరంలో ఉన్నాను.

"ఇక్కడే ఉన్నా అవ్వా" అన్నాను.

"మూడుసార్లు పిలిస్తిని గదమ్మే. పలకలా."

ఆ రోజు నాకు చాలా సిగ్గేసింది. నాన్న షిఫ్టులో ఉంటే ఇంట్లో రోజంతా తెలుగు మాట్లాడే మనిషి అవ్వ ఒక్కతే. "అట్టా", "యాడికి", "పలకలా" అనే మాటలు నాకు అవ్వ దగ్గరే దొరుకుతాయి. తెలుగు చదవడానికని చెవులు మూసుకుని, ఇంట్లో ఉన్న తెలుగుని బయట నిలబెట్టాను.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. 2023 డిసెంబరు 26 అర్ధరాత్రి మా పక్కనే ఎన్నూరులో సముద్రంలోని గొట్టం నుంచి అమ్మోనియా లీకయింది. చిన్నకుప్పం, పెరియకుప్పం జనం నిద్రలోంచి లేచి, ఒకరినొకరు లేపుకుని, ఇళ్ళు వదిలి బయటికి పరుగెత్తారు. మా ప్రాంతంలో కొన్నిసార్లు ప్రాణం కాపాడేది పక్కింటివాళ్ళ కేక. చెవులు పూర్తిగా మూసుకుని పడుకునే హక్కు మాకు లేదేమో అనిపిస్తుంది. అది న్యాయమని మాత్రం నేననను.

మీరొకటి అనొచ్చు. బస్సులో పక్కన నిలబడి వాగేవాళ్ళ నుంచి తప్పించుకోవడానికే హెడ్‌ఫోన్ పెట్టుకుంటామని. నిజమే, నేనూ పెట్టుకుంటాను. ఒంటి గది ఇళ్ళలో ఆడపిల్లకి గది దొరకదు. ఆ గదిని తల మీద పెట్టుకుని తిరుగుతున్నామంటే అందులో మన తప్పేమీ లేదు. ఆ గదికి తలుపు కూడా ఉండాలని మాత్రమే నేనంటున్నాను. అందుకే ఇప్పుడు ఎవరడిగినా మొదట చూడమనేది ఆ తలుపునే, అంటే బయటి శబ్దాన్ని లోపలికి రానిచ్చే మీటని. ఆ మోడ్ బాగుందా? ఒక్కసారి నొక్కితే, చూడకుండానే దొరుకుతుందా? అందులో ఎదుటి మనిషి గొంతు మనిషి గొంతులాగే వినపడుతోందా? కొన్నిటిలో డబ్బాలోంచి మాట్లాడినట్టుంటుంది. షాపులో పాట పెట్టి చూసినంతసేపూ, ఈ మోడ్‌లో అమ్మాయితోనో నాన్నతోనో మాట్లాడి చూడండి.

నా పద్ధతి ఇప్పుడిది. మనలి రోడ్డు మీద నడిచేటప్పుడు హెడ్‌ఫోన్ మెడలోనే. లారీ ఎటునుంచి వస్తుందో వినాలి. విమ్కో నగర్‌లో మెట్రో ఎక్కి కూర్చున్నాక చెవులకి. ఆ రైలు తిరువొత్తియూరు మీదుగా పోతుంది. తన శిష్యుడు వీణ కుప్పయ్యర్ పిలిస్తే త్యాగరాజు ఆ ఊరికి వచ్చి, అక్కడి త్రిపురసుందరి మీద అయిదు కృతులు కట్టాడు. అన్నీ తెలుగే. వాటిని వింటూ ఆ ఊరు దాటుతాను, తండయారుపేట దగ్గర రైలు భూమిలోకి దిగినా తంబురా శ్రుతి చెదరదు. ఇంట్లో అయితే అవ్వ పడుకున్నాకే. అంతకుముందు పెట్టుకోవాల్సి వస్తే వెళ్ళి అవ్వకి చెప్తాను, ఆ మీట నొక్కి ఉంచుతాను.

మొన్న అవ్వకీ పెట్టాను. "ఏందిమే ఇది, చెవులకి బుట్టలు" అంది. మీట నొక్కగానే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "రోడ్డు యాడికి పోయింది?" అని అడిగింది. ఇన్నేళ్ళలో ఆ రోడ్డు మోత ఆగడం ఆవిడకి అదే మొదలు. అది విన్నాక, ఈ మోత గురించి మనం చెవులు మూసుకోవడం తప్ప ఇంకేమీ అడగకపోవడం తప్పనిపించింది. నియమం 2000 నుంచీ ఉంది. అడగాల్సింది మనమే.

పది నిమిషాలకి అవ్వ తీసేసింది. "బాగుంది గానీ, ఎవురన్నా పిలిస్తే ఎట్టా?"

ఈ వ్యాసం కింద ఒక తెల్ల కాగితం అంటించాను, మధ్యలో గీత గీసి. ఎడమవైపు మీ ఇంట్లో, దారిలో మీరు వినకూడదనుకునేవి రాయండి. కుడివైపు వినక తప్పనివి. పెన్ను దారానికి కట్టి ఉంది. కాగితం నిండాక ఏది కొనాలో ఎవరికి వాళ్ళకే తెలుస్తుంది, నన్ను అడగక్కర్లేదు.