కొబ్బరి గోడు ఏ కంప్యూటర్‌కు చేరాలి?

కోనసీమలోని రాజోలు ప్రాంతంలో శంకరగుప్తం డ్రెయిన్ వెంబడి కొబ్బరి చెట్లు మొవ్వు ఎండి మోడుబారుతున్నాయి. పోటు సమయంలో ఉప్పునీరు డ్రెయిన్‌లోకి ఎగదన్ని తోటల్లో నిలవడమే కారణమని రైతులు మొత్తుకుంటున్నారు. ఎంత పోటుకు నీరు ఎంత దూరం వస్తుంది? ఎన్నాళ్లు నిలిస్తే వేరు దెబ్బతింటుంది? పూడిక తీస్తే చాలా, గట్లు కూడా ఎత్తాలా? వీటికి ఏ ఒక్క శాఖా ఒంటరిగా జవాబు చెప్పలేదు. పోటుపాట్ల లెక్క హైదరాబాద్‌లోని భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం (ఇన్‌కాయిస్) చూస్తుంది. ఉపగ్రహ చిత్రాలు జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం చేతిలో ఉంటాయి. డ్రెయిన్ మట్టాలు జలవనరుల శాఖవి. చెట్టు సంగతి తెలిసింది అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానానికి.

గణన శక్తికి ఇప్పుడు కొదవ లేదు. 1996 నవంబర్ 6 నాటి తుపాను వెయ్యి మందికి పైగా ప్రాణాలు తీసి, కోనసీమ తోటలను నేలమట్టం చేసిన నాడు మనకు ఇంత శక్తి లేదు. నేడు పుణెలో ‘అర్క’ సూపర్ కంప్యూటర్ సామర్థ్యం 11.77 పెటాఫ్లాప్స్. 2025 మేలో వచ్చిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ వాతావరణ అంచనాల గడిని 12 కిలోమీటర్ల నుంచి 6 కిలోమీటర్లకు తగ్గించింది. తుపాను హెచ్చరికకు ఇది గొప్ప మేలు. కానీ ఆ గడిలో లంక, డ్రెయిన్, వరిచేను, కొబ్బరి తోట అన్నీ ఒక్కటే. డ్రెయిన్ గతి తేల్చాలంటే స్థానిక కొలతలన్నీ ఒకచోటికి రావాలి. అక్కడా ఒక మెలిక ఉంది. పోటు పట్టికలకు సున్నా మట్టం ఒకటి, నేల ఎత్తులకు సున్నా మట్టం మరొకటి. వాటికి పొంతన కుదర్చకుండా ఎంత పెద్ద యంత్రానికిచ్చినా వచ్చేది తప్పుడు లెక్కే.

ఈ పని ఎలా చేయాలో మనకు తెలియనిది కాదు. ప్రపంచ సముద్రాల్లో తేలే దాదాపు 4 వేల ఆర్గో ఫ్లోట్లు పది రోజులకోసారి 2 వేల మీటర్ల లోతు నుంచి ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి పంపుతాయి. ఏ దేశం ఫ్లోటు వేసినా డేటా నమూనా ఒకటే, తనిఖీ పద్ధతి ఒకటే. సమాచారం ఒక రోజులోపే అందరికీ ఉచితం. హిందూ మహాసముద్రానికి ఆర్గో ప్రాంతీయ డేటా కేంద్రం ఇన్‌కాయిసే. సముద్రం మధ్యలోని ఉప్పు లెక్క ప్రపంచానికి పంచుతున్న దేశంలో, రాజోలు డ్రెయిన్‌లోని ఉప్పు లెక్క పక్క శాఖకు అందకపోతే తప్పు సాంకేతికతది కాదు.

ప్రభుత్వ డేటాను పంచుకోవాలన్న జాతీయ విధానం 2012 నుంచీ ఉంది. కొరవడింది దాన్ని నడిపే మనుషులు. యంత్రం కొంటే ప్రారంభోత్సవం ఉంటుంది. లెక్కలు సరిచూసి, సాఫ్ట్‌వేర్‌ను ఏళ్ల తరబడి కాచుకునే పరిశోధకుడికి పర్మనెంట్ పోస్టే కష్టం. శంకరగుప్తం నుంచే మొదలుపెట్టవచ్చు: డ్రెయిన్ పొడవునా మట్టం, లవణీయత కొలిచే పరికరాలు, నాలుగు సంస్థలకూ ఒకే సర్వర్, అమలాపురం విద్యార్థి కూడా తెరిచి చూడగల రికార్డు, ఉప్పునీరు ఎక్కిన తేదీని రైతే నమోదు చేసే వీలు. పూడికతీతకు టెండరు పిలిచే ముందే ఆ రికార్డు ఇంజినీర్ల ముందుండాలి. లేదంటే ఎన్ని కోట్లు ఖర్చుపెట్టినా, ఎక్కడ ఎంత తవ్వాలన్నది అంచనాగానే మిగులుతుంది.